డాష్‌బోర్డు వెనక ఖాళీ కప్లర్లు: కోయించకండి, ముందు మీటర్ పెట్టి చూడండి

మీ ప్రశ్న ఇది: సింగరాయకొండలో బేస్ మోడల్ పికప్ ఉంది. స్టీరియో, ఫాగ్ లైట్లు పెట్టిద్దామని ప్యానెల్ ఊడదీస్తే లోపల నాలుగు కప్లర్లు (వైర్ల కొసన ఉండే ప్లాస్టిక్ ప్లగ్గులు) దేనికీ తగిలించకుండా వేలాడుతున్నాయి. ఏదైనా ఊడిపోయిందేమోనని మీ టెన్షన్. ఎలక్ట్రీషియన్ "కోసేసి టేపు చుట్టేద్దాం అన్నా" అంటున్నాడు, ఒప్పుకోవాలా అని అడిగారు.

ఒప్పుకోవద్దు. బండి ఎప్పటిలాగే స్టార్ట్ అవుతూ, మీటర్ బోర్డులో కొత్తగా ఏ హెచ్చరిక లైటూ వెలగకుండా ఉంటే ఊడిపోయింది ఏమీ లేనట్టే. కంపెనీ వాళ్లు బేస్ మోడల్‌కు ఒకటి, టాప్ మోడల్‌కు ఇంకొకటి అని వైరింగ్ కిట్ ప్రతిసారీ వేరువేరుగా చేయించరు. చాలావరకు ఒకటే కిట్ వేస్తారు. టాప్ మోడల్‌లో పవర్ విండోలకో, స్పీకర్లకో, ఫాగ్ లైటు స్విచ్చికో వెళ్లే కప్లర్లు మన బండిలో ఖాళీగా మిగులుతాయి. కోసేస్తే రేపు ఆ వస్తువు కొన్నప్పుడు నేరుగా గుచ్చే వీలు పోతుంది, వారంటీ దగ్గర కూడా మాట పడాల్సి వస్తుంది.

నేను ఒంగోలు, కొత్తపట్నం మధ్య చేపలు, ఐసు తోలే పికప్ నడుపుతున్నాను. నాది కూడా బేస్ మోడలే. డాష్‌బోర్డు వైరింగ్ పని నేనే చేసుకుంటాను కాబట్టి ఈ కప్లర్లు ఎలా గుర్తుపట్టాలో చెబుతాను.

ముందు ముట్టుకోకూడనివి. పసుపు రంగు కప్లర్ గానీ, పసుపు గొట్టంలో వచ్చే వైరు గానీ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దే అనుకోండి. దాంట్లో మీటర్ పుల్ల కూడా పెట్టకండి. రెండోది, మూతి మీద క్యాప్ బిగించి ఉన్న కప్లర్. చూడ్డానికి ఖాళీదే అనిపిస్తుంది గానీ, కొన్నిటి క్యాప్ లోపల పిన్నుల్ని ఒకదానితో ఒకటి కలిపే రేకు ఉంటుంది. అది పీకితే ఏదో ఒక లైన్ ఆగిపోతుంది. స్టీరింగ్ కింద పదహారు పిన్నులతో ఉండేది స్కానర్ పెట్టే పోర్టు, అది కూడా ఖాళీ కప్లర్ కాదు.

మిగిలినవాటికి డిజిటల్ మీటర్ (మల్టీమీటర్) చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల పుల్లను పెయింటు లేని బాడీ బోల్టుకు ఆనించండి. ఎర్ర పుల్లను పిన్నుకు తాకించండి చాలు, లోపలికి గుచ్చి పిన్ను వెడల్పు చేయకండి. ఒక్కో పిన్నునూ కీ తీసేసి ఒకసారి, కీ ఆన్‌లో ఒకసారి, పార్కింగ్ లైటు వేసి ఒకసారి చూడండి. కీ లేకుండానే 12.5 దగ్గర చూపిస్తే అది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. కీ తిప్పితేనే వస్తే ఇగ్నిషన్ లైన్. పార్కింగ్ లైటు వేస్తేనే వస్తే స్విచ్చి లోపలి చిన్న బల్బు కోసం ఇచ్చింది. కీ ఆన్‌లో రెండున్నర వోల్టుల దగ్గర కదులుతూ, రెండు వైర్లు జడలా మెలిపెట్టి ఉన్నాయా? అది కంప్యూటర్ల మధ్య సమాచారం పోయే లైన్. దాన్నుంచి దేనికీ కరెంటు తీయకూడదు, వదిలేయండి. ఏ స్థితిలోనూ వోల్టేజి లేని పిన్నుకు మాత్రమే కీ తీసేసి, మీటర్‌ను బీప్ (కంటిన్యుటీ) మీద పెట్టి చూడండి, మోగితే ఎర్త్.

బల్బు టెస్టర్‌తో అన్ని పిన్నులూ పొడిచి చూసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అది పాత బండ్లకు సరిపోయింది. ఇప్పటి బండ్లలో బల్బు లాగే కరెంటుకు కంట్రోల్ యూనిట్ (బండి కంప్యూటర్) దెబ్బతినొచ్చు.

అయితే బల్బు తప్పనిసరి అయ్యే చోటు ఒకటుంది, అది సముద్రం దగ్గర తిరిగే మనలాంటి వాళ్లకు ముఖ్యం. ఉప్పు గాలికి, చేపల పెట్టెల నుంచి కారే నీళ్లకు పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. నా బండిలో ఎడమ పక్క కింద ఉన్న తెల్ల కప్లర్‌లో మీటర్ 12 చూపించింది, లైటు తగిలిస్తే మాత్రం వెలగలేదు. టార్చి వేసి చూస్తే ఒక పిన్ను చుట్టూ నువ్వుగింజంత చిలుము ఉంది. మీటర్ దాదాపు కరెంటు లాగదు, అందుకే సన్నని దారి మిగిలినా నిండు వోల్టేజి చూపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దాక లైటు వెలిగింది. కాబట్టి బ్యాటరీ లైన్, ఇగ్నిషన్ లైన్ అని తేలిన పిన్నులకు మాత్రం 5 వాట్ల బల్బు పెట్టి ఖాయం చేసుకోండి.

వైరు రంగు చూసి నిర్ణయించకండి. పసుపు బ్యాటరీ, ఎరుపు కీ, నలుపు ఎర్త్ అనేది మార్కెట్‌లో కొన్న స్టీరియో వైపు లెక్క. బండి వైపు ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. స్పీకర్ జతను పట్టుకోవాలంటే వోల్టేజి లేదని తేలాక ఓమ్స్‌లో చూడండి. డోర్‌లో స్పీకర్ ఉంటే మూడు, నాలుగు ఓమ్స్ వస్తుంది.

ఫాగ్ లైట్లకు స్విచ్చి కప్లర్ దొరికిందని సంబరపడొద్దు. బంపర్ వెనక దాని రెండో కొస ఉందో లేదో చూడండి, తర్వాత ఫ్యూజ్ బాక్సులో ఫ్యూజూ, రిలేలూ (స్విచ్చి బదులు పెద్ద కరెంటు మోసే చిన్న డబ్బాలు) చూడండి. బేస్ మోడల్‌లో ఆ గడులు ఖాళీగా వదిలేసే అవకాశం ఎక్కువ. రెండు 55 వాట్ల బల్బులంటే 9 ఆంపియర్ల పైనే, రిలే లేకుండా ఆ భారం స్విచ్చి మీద వేస్తే కాలిపోతుంది. ఫ్యూజు ఎంతది వేయాలో మూత వెనక రాసి ఉంటుంది, అంతకు మించింది వేయకండి.

పని అయ్యాక మిగిలిన కప్లర్ల మూతికి టేపు నేరుగా అంటించొద్దు. రోహిణి కార్తె ఎండకు జిగురు కరిగి పిన్నుల్లోకి దిగుతుంది. స్పాంజి ముక్క చుట్టి, పెడల్‌కు, స్టీరింగ్ రాడ్‌కు తగలకుండా కిట్‌కే ట్యాగుతో కట్టేయండి.

మీరు రాసిన నాలుగో కప్లర్, రెండు పిన్నులు, మూతికి క్యాప్ ఉందన్నది, క్యాప్ తీయకుండా అలాగే ఉంచి, దాని మీద అచ్చు వేసిన నంబరు ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.