ఆ మెట్లు మళ్ల చూడు

తమ్మీ,

నీ కథ రెండుసార్లు చదివిన. బస్టాండు కాడి మాటలు బాగున్నయి. రెండో పేజీ కాడికి వచ్చేసరికి కోపమొచ్చింది. వికలాంగుడని రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం వచ్చిన మర్రిగూడ ముసలాయన "ఎండ్రకాయ లెక్క మెట్లెక్కిండు" అని రాసినవ్. నువ్వు ఆ పక్క ఊరోడివే గద? ఆ కాళ్లు ఎందుకు వంకరపోయినయో నీకు ఒకరు చెప్పాల్నా? లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. అది దాటిన బోరు నీళ్లు ఏండ్లకేండ్లు తాగిన ఎముకలవి.

మా పెద్దమ్మకు ఆ నీళ్లకే మెడ తిరగకపోయేది. బియ్యం ఏరుకుంట కూసున్నప్పుడు వెనకనుంచి పిలిస్తే, చేట కింద పెట్టి, రెండు చేతులు నేలకు ఆనిచ్చి, మనిషంత తిరిగేది. ఆమెను చూసి నవ్విన పోరగాళ్ల మొఖాలు నాకింక యాదున్నయి. ఒకనాడు నీళ్ల ట్యాంకర్ పొద్దుగాల్నే వచ్చింది. పెద్దమ్మ బిందె పట్టుకొని డ్రైవర్‌ను అడిగింది: "ఏం బిడ్డా, ఓట్లొచ్చినయా?" వాడకట్టంత నవ్వింది. లీడర్ పేరు ఎత్తలే, ఎవ్వరిని తిట్టలే. నిజంగ తెల్వనట్టే అడిగింది. నవ్వొచ్చే మాటను ఆఖరుకు పెట్టి ఊకుంది. నువ్వయితే దాని కింద అధికారుల నిర్లక్ష్యం మీద ఇంకో పేరా రాసేటోడివి. నీ కథల ఆరు చోట్ల అట్లనే రాసినవ్. ఆరూ కొట్టెయ్.

వ్యంగ్యమంటే ఉన్నదానికి పదింతలు పెంచి రాసుడని నీకు ఎవరు చెప్పిండ్రో గని, నేనొప్పుకోను. రెండు నిజాలను పక్కపక్కన పెడితే చాలు. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని పుస్తకాలల్ల నల్గొండ టెక్నిక్ అంటరు. ఆ పేరు పక్కన మా పెద్దమ్మ మెడను పెట్టు. ఇంకేం కలపకు. తెలంగాణల కవులే లేరన్నోళ్లను మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి తిట్టుకుంట కూసోలే. 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక అచ్చేసి ముందల పెట్టిండు.

ఇంకోటి. నీ కథల ఆఫీసరు పుస్తకం భాష మాట్లాడుతడు, ముసలాయనకు ఒక్కనికే యాస. అంటే చదివెటోడు నవ్వాల్సింది యాసను చూసా? రౌడీకి, పనోడికి మన మాట పెట్టి సినిమాలు ఏండ్లకొద్ది ఇదే చేసినయి. పెద్దమ్మ మాట మీద నేను రాసిన మొదటి కథను ఒక వారపత్రిక ఎడిటరు దిద్దిండు. "ఏం బాబూ, ఎన్నికలు వచ్చాయా?" అని అచ్చయింది. మా పెద్దమ్మ ఆ మాట ఎన్నడు అనలే. చదివినోళ్లల్ల ఒక్కరు నవ్వలే. ఆ పత్రికను ఇంట్ల ఎవ్వరికి చూపియ్యలే. ఆ కోపం నాకు ఇప్పటికి చల్లారలే.

పుస్తకం ఎవరు వేస్తరని అడిగినవ్. దాని సంగతి తర్వాత. ముందుగాల ఆ మెట్లు చూడు. నడవలేనోడని రాసిచ్చే కాయితం రెండో అంతస్తుల ఇస్తున్నరు. ఇది నువ్వే రాసినవ్, రాసి చూడకుంటనే పోయినవ్. ముసలాయన ఏ మెట్టు మీద ఎంతసేపు కూసున్నడో, గోడను ఎక్కడ పట్టుకున్నడో రాయి. పైకి చేరినంక, కుర్చీల కూసున్న సారును ఆయన ఏమడిగిండో రాసి పంపు.

నీ అన్న,
నల్గొండ