కట్ట మీద కూసొని పాంఫ్రెట్ అడిగితే ఎట్ల?

ప్రశ్న: మొన్న ఆదివారం పిల్లల్ని తీస్కొని ఒక డ్యాం కట్ట కాడి హోటల్‌కు పోయినం. నీళ్లు కనవడే టేబులే దొరికిందని ఖుషీగ పాంఫ్రెట్ ఫ్రై చెప్పినం. పీచు పీచుగ ఉన్నది, నీసు వాసన, ఆ వాసన కప్పెట్టనీకి మసాలా. బిల్లు మాత్రం గట్టిగనే ఏసిండ్రు. తప్పు హోటలోళ్లదా, మాదా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సగం మీదే అక్కా, కోపం చేస్కోకుండ్రి. ఎదురుంగ ఉన్నవి డ్యాం నీళ్లు, పాంఫ్రెట్ ఏమో సముద్రం చేప. సముద్రం మనకు 200 కిలోమీటర్ల పైనే. ఐస్‌ల రావుడు తప్పు కాదు గని, కట్ట మీద పాంఫ్రెట్ అడిగేటోళ్లు ఎందరుంటరు, అది ఆ ఫ్రిజ్‌ల ఎన్నొద్దులు పండిందో ఏమో.

కరీంనగర్‌ల ఎల్ఎండీ (లోయర్ మానేరు డ్యాం) కాడికి పోయినా, ములుగు దిక్కు లక్నవరం చెరువుకు పోయినా మెనూ కార్డు పక్కకు పెట్టి "ఇయ్యాల ఏం పడ్డది?" అని అడగాలె. రవ్వ, బొచ్చె, బంగారుతీగ అంటరు, నసీబుంటే కొర్రమట్ట (కొరమీను). 2016ల మన రాష్ట్ర చేప అని పెట్టింది దీన్నే. మొప్పలతోనే కాదు, పైకొచ్చి గాలి గూడ పీలుస్తది, అందుకే జరన్ని నీళ్లున్న టబ్బుల గూడ బతికే ఉంటది, చూపెట్టమని లేపితే తోక కొట్టి మన అంగీ మీద నీళ్లు జల్లుతది, తాజాదా కాదా అని ఇంక అడిగే పనే లేదు. రేటెక్కువ, కానీ ముండ్లు తక్కువ, పిల్లలకు అదే చెప్పుండ్రి. రవ్వ, బొచ్చెలల్ల సన్నటి చీలిక ముండ్లు కండలనే దాక్కుంటయ్, తోక దిక్కు ఇంకా కష్టం, అందుకే పిల్లల ప్లేట్‌ల పొట్ట ముక్క ఎయ్యుండ్రి, అండ్ల పక్కటెముకలు పెద్దగుంటయ్, ఏరుడు అల్కగైతది. బోన్‌లెస్ అపోలో ఫిష్ అంటే చాలా చోట్ల బాసా చేపనే, అది ఈ డ్యాంల పట్టింది కాదు.

చచ్చిన చేపైతే కొయ్యకముందే చూడాలె. మొప్పలు ఎర్రగ, కండ్లు ఉబ్బి మెరుస్త ఉండాలె, ఏలుతోని ఒత్తితే పడ్డ గుంట మళ్ల లేవాలె. కోసి, మసాలా పూసి పెట్టిన ముక్కల్ల ఏం కనవడది, కాబట్టి ముక్కలు వద్దనుండ్రి. రేటు నిండు చేపకా, కడిగిన ముక్కలకా అనేది గూడ ముందే తేల్చుకోండ్రి, తలకాయ పేగులు పోయినంక తూకం బాగనే పడిపోతది.

ఇంకోటి, మిరుగం (మృగశిర కార్తె) నాడు అందరు చేపలకే ఎగవడ్తరు, ఆ రోజు మాత్రం అటు పోకుండ్రి. పోయినేడు నేను పోయిన, లైన్ల నిలవడి నిలవడి మూడింటికి ప్లేట్ చేతికొచ్చింది, మీద మాడింది, ఇరిచి చూస్తే లోపట పచ్చిగనే ఉన్నది, వెనక జనం తోస్తుంటే వాపస్ ఇయ్యనీకి గూడ సందు దొరకలే.