యూదుల నెలారంభాన్ని ‘అమావాస్య’ అనవచ్చునా?

సందేహం: తెలుగు బైబిలు 81వ కీర్తనలో ‘అమావాస్యనాడు కొమ్ము ఊదుడి’ అని ఉన్నది. మన ఇళ్లలో అమావాస్యనాడు శుభకార్యం తలపెట్టరు. యూదులకు అది పండుగ ఎలా అయింది? అక్కడ ఆ మాట సరైనదేనా?

సమాధానం: ఆ మాట బొత్తిగా తప్పని అనలేం గాని, తెలుగువారికి అది స్ఫురింపజేసే భావం హీబ్రూ మూలంలో లేదు. అమావాస్య చంద్రుడు కనబడని తిథి. యూదుల నెల మొదలయ్యేది ఆ చీకటి గడిచి, పడమట సన్నని చంద్రరేఖ తొంగిచూసే సాయంకాలంతో. దానిని వారు ‘రోష్ హోదెష్’ అంటారు. ‘హోదెష్’కు నెల అనీ, కొత్త చంద్రుడనీ అర్థాలున్నాయి. మన ‘నెల’కూ చంద్రుడనే అర్థం ఉన్నది కనుక ‘నెలపొడుపు’ అన్న పాతమాట ఇక్కడ చక్కగా అమరుతుంది. బైబిలు వాక్యాన్ని ఉదాహరించేటప్పుడు ఉన్నదున్నట్టుగా ‘అమావాస్య’ అనే ఉంచి, సొంతంగా రాసేటప్పుడు ‘నెలపొడుపు పండుగ’ అని రాయడం మేలు.

ఈ పట్టింపు మాటకోసం మాత్రమే కాదు. ఆ సంప్రదాయంలో కొత్త నెల తనంతట తాను రాదు. మనుషులు చూసి, సాక్ష్యం చెప్పి, ప్రకటించాలి. చంద్రరేఖను చూసినవారు యెరూషలేములోని ఒక పెద్ద వాకిట చేరేవారనీ, చంద్రుడు ఎంత ఎత్తున ఉన్నాడు, ఎటు ఒరిగి ఉన్నాడు, ఎంత వెడల్పున కనిపించాడు అని న్యాయసభ వారిని విడివిడిగా ప్రశ్నించేదనీ, సాక్ష్యం కుదిరితే సభాపతి ‘పవిత్రం’ అనగానే జనమంతా ‘పవిత్రం, పవిత్రం’ అని పలికేవారనీ యూదుల ప్రాచీన ధర్మసంకలనమైన మిష్నా చెబుతున్నది. సాక్షులు మళ్లీ మళ్లీ రావడానికి అలవాటుపడాలని వారికి గొప్ప విందులు చేసేవారట. పెద్దలకు లోకజ్ఞానం బాగానే ఉన్నది!

ఈజిప్టు దాస్యం వీడకముందే ఇశ్రాయేలు జాతికి అందిన మొదటి ఆజ్ఞ నెలలను లెక్కించుకోవడమేనని (నిర్గమకాండము 12:2) వారి వ్యాఖ్యాతలు అంటారు. బానిస కాలం యజమానిది; నెలను తానే ప్రకటించుకోగలిగినవాడు స్వతంత్రుడు. ఇప్పుడు సాక్షులు లేరు, పంచాంగం గణితంతోనే నడుస్తున్నది. అయినా నెల తొలి సగంలో ఒక రాత్రి, ఎక్కువగా విశ్రాంతిదినం ముగిసిన శనివారం రాత్రి, ఆరుబయట నిలిచి చంద్రుణ్ణి చూస్తూ స్తుతి చదువుతారు. తామూ చంద్రునివలె మళ్లీ నూతనులం కావలసినవారమన్న భావం అందులో ఉన్నది.

మీరు ఉదాహరించిన వచనంలోనే మరో చిక్కు ఉన్నది. దాని రెండో పాదంలో తెలుగు అనువాదం ‘పున్నమ’ అన్నచోట మూలంలోని మాటను యూదు పండితులు ‘మరుగుపడినది’ అని అన్వయించి, చంద్రుడు మరుగున ఉండగా వచ్చే పండుగ తిష్రీ మాసపు మొదటి రోజైన సంవత్సరాది, అంటే ‘రోష్ హషానా’ ఒక్కటేనని చెప్పారు. ఆ అన్వయాన్ని అనుసరిస్తే, చంద్రుడు కనబడని తిథిని గుర్తుచేసే ‘అమావాస్య’ అన్నమాట మొదటి పాదంకన్నా రెండో పాదానికే ఎక్కువ దగ్గరవుతుంది.