గెలాక్సీని తూచడం: సూత్రం చిన్నది, పేచీ అంతా నక్షత్రాల లిస్టులో

"నక్షత్రాల వేగం చూసి గెలాక్సీ ద్రవ్యరాశి ఎంతో చెప్పేస్తారు కదా, ఆ లెక్క ఎలా వేస్తారు? ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడిగారు. పీజీ ప్రాజెక్టులోనూ, ఆ తర్వాత కొంతకాలమూ నేను చేసింది ఇదే పని. కాబట్టి పుస్తకాల్లో దొరికే భాగాన్ని త్వరగా దాటేసి, డేటా చేతికొచ్చాక ఏమవుతుందో చెబుతాను.

వృత్తాకార కక్ష్యలో తిరిగే నక్షత్రాన్ని పట్టి ఉంచేది ఆ కక్ష్య లోపలున్న పదార్థం. వేగాన్ని వర్గం చేసి, కేంద్రం నుంచి ఉన్న దూరంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే లోపలి ద్రవ్యరాశి వస్తుంది. దూరం కిలోపార్సెక్‌లలో (ఒకటి అంటే సుమారు 3,260 కాంతి సంవత్సరాలు), వేగం సెకనుకు కిలోమీటర్లలో, ద్రవ్యరాశి సూర్యుల లెక్కన తీసుకుంటే ఆ స్థిరాంకం 0.0000043. మన సూర్యుడినే చూడండి. పాలపుంత కేంద్రం నుంచి సుమారు 8.2 కిలోపార్సెక్‌ల దూరంలో, సెకనుకు దాదాపు 230 కి.మీ. వేగంతో తిరుగుతున్నాడు. లెక్క కడితే రమారమి 10,000 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి వస్తుంది. ఇది పాలపుంత మొత్తానిది కాదు, సూర్యుడి కక్ష్యకు లోపలున్నది మాత్రమే. ఒకే గెలాక్సీకి రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తే ముందు అడగాల్సింది "ఎంత దూరం లోపల?" అనే.

వేగాన్ని వర్ణపటం నుంచి తీస్తారు. హైడ్రోజన్ ఎర్ర గీత 656.3 నానోమీటర్ల దగ్గర ఉండాలి. సెకనుకు 200 కి.మీ. వేగంతో దూరంగా వెళ్తున్న చోట అది 0.44 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. అయితే ఈ పద్ధతిలో దొరికేది మనవైపు వచ్చే, లేదా మన నుంచి పోయే వేగమే. పళ్లెం లాంటి గెలాక్సీ ఎంత వాలి కనిపిస్తోందో చూసి, ఆ కోణం సైన్‌తో భాగిస్తేనే అసలు వేగం వస్తుంది. వాలు 30 డిగ్రీలు అనుకున్నది నిజానికి 25 అయితే ద్రవ్యరాశి 40 శాతం పెరుగుతుంది. అదే 70 అనుకున్నది 75 అయితే తేడా 5 శాతమే. అందుకే వాలు తక్కువై బాగా ఎదురుగా, గుండ్రంగా కనిపించే గెలాక్సీలను, ఫొటోలో ఎంత అందంగా ఉన్నా సరే, నేను ముందే పక్కన పెట్టేసేవాణ్ణి.

ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా మీద చేసిన పని గురించి మీరు వినే ఉంటారు. వెలుగు పలచబడే కొద్దీ వేగం తగ్గాలి, కానీ తగ్గలేదు. సప్తర్షి మండలం వైపున్న ఎన్‌జీసీ 3198 అనే గెలాక్సీలో హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. దాన్ని పట్టుకుని 30 కిలోపార్సెక్‌ల దాకా వెళ్లినా వేగం 150 కి.మీ. దగ్గరే ఉంది. అంటే ద్రవ్యరాశి దూరంతో పాటు పెరుగుతూనే పోతోంది. డార్క్ మ్యాటర్, అంటే వెలుగు ఇవ్వని, కనిపించని పదార్థం ఉందని చెప్పే గట్టి ఆధారాల్లో ఇదొకటి.

ఇప్పటిదాకా చెప్పింది పద్ధతిగా తిరిగే గెలాక్సీల సంగతి. నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది డ్రాకో లాంటి మరుగుజ్జు గెలాక్సీల మీద. వాటిలో నక్షత్రాలు తేనెటీగల గుంపులా తలో దిక్కున తిరుగుతుంటాయి. అక్కడ చూడాల్సింది తిరిగే వేగం కాదు, వేగాలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్నది. ఎక్కువ చెదిరాయంటే, వాటిని కట్టి ఉంచడానికి ఎక్కువ ద్రవ్యరాశి కావాలి. 1983లో ఖగోళ శాస్త్రవేత్త మార్క్ ఆరన్సన్ డ్రాకోలో మూడంటే మూడు కార్బన్ నక్షత్రాల వేగాలు కొలిచి, అక్కడ కనిపించని పదార్థం చాలా ఉండొచ్చని చెప్పాడు. మూడు నక్షత్రాలతో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. తర్వాత వందల నక్షత్రాలు కొలిచినా ఆ మాట నిలబడింది.

లెక్క తీరు తెలియడానికి ఐదు వేగాలు నేనే ఊహించి రాస్తున్నాను (సెకనుకు కి.మీ.లలో, మైనస్ అంటే మనవైపు వస్తున్నట్టు): −302, −284, −291, −299, −279. సగటు −291. తేడాలు 11, 7, 0, 8, 12. వాటి వర్గాల మొత్తం 378, నాలుగుతో భాగిస్తే 94.5. ఒక్కో కొలతలో 3 కి.మీ. పొరపాటు ఉందనుకుంటే దాని వర్గం 9 తీసేయాలి. మిగిలింది 85.5, అంటే చెదురు 9.2 కి.మీ. జో వుల్ఫ్, సహచరులు 2010లో ఇచ్చిన సూత్రం ప్రకారం 85.5ను డ్రాకోలో సగం వెలుగు ఇమిడే వ్యాసార్థంతో, అంటే సుమారు 220 పార్సెక్‌లతో, ఆపైన 930తో గుణిస్తే 1.7 కోట్ల సూర్యులు. అదే భాగం నుంచి వచ్చే వెలుగు మాత్రం ఒకటిన్నర లక్షల సూర్యులది కూడా కాదు.

ఇప్పుడు ఆ లిస్టులో −260 వేగమున్న ఆరో నక్షత్రాన్ని చేర్చి చూడండి. ద్రవ్యరాశి ఒక్కసారిగా రెండున్నర రెట్లు దాటుతుంది! అసలు టెన్షన్ ఇక్కడే. ఆ నక్షత్రం దారిలో అడ్డుపడ్డ పాలపుంత నక్షత్రం కావచ్చు. జంట నక్షత్రమైతే, తోడు చుట్టూ తిరిగే వేగం కూడా అందులో కలిసిపోయి ఉండొచ్చు. లేదా నిజంగానే డ్రాకోది కావచ్చు. కొన్ని నెలలాగి మళ్లీ కొలిస్తే జంటలు చాలావరకు బయటపడతాయి, ఎందుకంటే వేగం మారుతుంది. పాలపుంత నక్షత్రాలను రంగు, లోహాల మోతాదు, నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం ఇచ్చిన అడ్డ కదలికలు (ఆకాశంలో పక్కకు జరిగే తీరు) చూసి ఏరేయొచ్చు. ఏ నక్షత్రాన్ని తీసేయాలో నియమాలు మాత్రం జవాబు చూడకముందే రాసిపెట్టుకోవాలి. అంకె పెద్దగా వచ్చిందని ఒకదాన్ని, ఇంకా పెద్దగా ఉందని మరోదాన్ని తీసేస్తూ పోతే చివరికి మనకు నచ్చిన అంకే మిగులుతుంది. ఇతరుల పరిశోధన పత్రాలు రివ్యూ చేసేటప్పుడు నేను మొదట వెతికేది దీన్నే.

ఇక నమ్మకం సంగతి. సగం వెలుగు వ్యాసార్థం లోపలి ద్రవ్యరాశిని నేను బాగానే నమ్ముతాను, కక్ష్యలు గుండ్రంగా ఉన్నా కోలగా ఉన్నా అక్కడ జవాబు పెద్దగా మారదు. గెలాక్సీ మొత్తం ద్రవ్యరాశి అంటూ ఇచ్చే అంకెను మాత్రం అంచనాగానే తీసుకుంటాను, నక్షత్రాలే లేని చోట వాటి వేగం ఎవరూ కొలవలేరు. గెలాక్సీ దూరంలో 10 శాతం తప్పు ఉంటే ద్రవ్యరాశిలోనూ 10 శాతం తప్పు వస్తుంది, అది కాస్త నయం.

మీరే చేసి చూడాలనుకుంటే స్పార్క్ (SPARC) అనే డేటాబేస్‌లో 175 గెలాక్సీల వేగాలు ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌జీసీ 3198తో మొదలుపెట్టండి. అందులో వాయువు వాటా, నక్షత్రాల వాటా వేర్వేరు వరుసల్లో వేగాలుగా ఇస్తారు. వాటిని నేరుగా కూడకండి, వర్గాలు కూడి వర్గమూలం తీసి, కొలిచిన వేగంతో పోల్చండి. నక్షత్రాల వేగం వర్గాన్ని కూడే ముందు 0.5తో గుణించండి, ఎందుకంటే ఆ వరుసను ద్రవ్యరాశికీ వెలుగుకీ నిష్పత్తి 1 అనుకుని తయారుచేశారు. ఎక్సెల్ చాలు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు.