దడికి అటువైపు వదినగారు

అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఉత్తరం రాసిన టీచరుగారికి,

ఉత్తరంతోపాటు మీరు పంపిన కథను రెండుసార్లు చదివాను. మిగతా పాఠకులకు సంగతి తెలియాలి కాబట్టి ముందు మీ కష్టాన్ని క్లుప్తంగా చెబుతాను. పక్కింటి ఆవిడతో మీకు ముప్పై ఏళ్ళ స్నేహం. చుట్టరికం లేకపోయినా వదినా అంటే వదినా అని పిలుచుకున్నారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మీ ఇంటి పెంకులు ఎగిరిపోతే, చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ వంటింట్లోనే తెల్లవార్లూ కూర్చున్నారు. నిరుడు ఒక వారపత్రికలో మీ కథ వచ్చింది. అందులో దడికి అవతల రాలిన కొబ్బరికాయలను వేకువనే లేచి లెక్కపెట్టుకునే ఒక ఇల్లాలు ఉంది, పెళ్ళికి ముందు ఆమె మనసుపడ్డ కుర్రవాడూ ఉన్నాడు. వాళ్ళ కోడలు దాన్ని పైకి చదివి, "అచ్చం మన వీధిలాగే ఉందండీ అత్తయ్యగారూ" అని నవ్విందట. మర్నాటికల్లా రెండిళ్ళ మధ్య దడిలో ఉన్న సందుకు పచ్చి కొబ్బరి మట్టలు అడ్డంపెట్టి కట్టేశారు. ఇన్నేళ్ళూ కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగిన సందు అది. నిన్నటిదాకా నువ్వు అన్న మనిషి ఇప్పుడు వీధిలో కనిపిస్తే "టీచరుగారూ, బాగున్నారా" అని మర్యాదగా పలకరించి వెళ్ళిపోతున్నారు. వాళ్ళబ్బాయి పరువునష్టం దావా వేస్తానని రచ్చబండ దగ్గర అన్నాడు. మీ వారు మాత్రం "కథ కథే, దానికి క్షమాపణేమిటి" అంటున్నారు. సంపుటి అచ్చుకు వెళ్ళబోతోంది. ఆ కథను ఉంచాలో తీసెయ్యాలో మీకు తేలడం లేదు.

కేసు విషయం రెండు మాటల్లో ముగిస్తాను. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరంగా చెబుతోంది. పేరు రాయనంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. ఎరిగినవాళ్ళు ఫలానా మనిషేనని పోల్చుకోగలిగితే ఫిర్యాదుకు దారి ఉంటుంది. అయితే కోపంలో నోరు జారడానికీ కోర్టు మెట్లెక్కడానికీ చాలా దూరం ఉంది. ఒకవేళ నోటీసు వస్తే మీరు స్వయంగా జవాబు రాయకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. అంతవరకూ ఆ అబ్బాయితో మాటకు మాట అనవద్దు. తల్లిని పిసినారిగా చూపించారన్న బాధ అతనిది, అందులో తప్పేమీ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం చివర, వేరే ఏదో చెబుతూ మధ్యలో ఒక మాట రాశారు: "సైకిలు బెల్లు సంగతి మాత్రం వదిన చెప్పిందే." ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కథలో ఆ కుర్రవాడు కోటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి, ముక్తేశ్వరం రేవులో దిగి, ఆమె ఇంటి ముందుగా వెళ్తూ బెల్లు రెండుసార్లు మోగిస్తాడు. ఆమె లోపల బియ్యం ఏరుతూ తల ఎత్తదు, చేయి మాత్రం చేటలో ఆగిపోతుంది. కథ మొత్తంలో అంత ప్రాణమున్న చోటు ఇంకొకటి లేదు. కాలువలు కట్టేసిన ఒక వేసవి రాత్రి, కరెంటు పోయినప్పుడు, మీ అరుగు మీద కూర్చుని ఆవిడ మీ ఒక్కరికే చెప్పుకున్న మాట అది. నలభై ఏళ్ళ కాపురంలో భర్తకు కూడా చెప్పలేదని మీరే రాశారు.

కోడలు, కొడుకు, వీధివాళ్ళు పోల్చుకున్నది కొబ్బరికాయలను. ఆవిడ పోల్చుకున్నది బెల్లును. ఇంట్లోవాళ్ళ కోపం వేరు, ఆవిడ బాధ వేరు. తన బాధకు కారణం ఇదీ అని ఆవిడ ఆ ఇంట్లో ఎవరికీ నోరు విప్పి చెప్పుకోలేరు. చెప్పుకోగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు, అది మీరు. ఆ సందును కట్టిన చేతుల్లో ఎంత ఒంటరితనం ఉందో దయచేసి ఒకసారి ఆలోచించండి.

అందువల్ల పత్రికలో వివరణ ఇస్తానన్న మీ ఆలోచనను ఇక్కడే వదిలేయండి. వాళ్ళింటికి వెళ్ళి అందరి ముందూ క్షమించమని అడగడం కూడా వద్దు. అటువంటి మాట ఏది పైకి వచ్చినా "మరి ఆ కుర్రవాడి సంగతేమిటి" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇప్పటిదాకా కట్టుకథ అనుకున్నది ఆ క్షణంతో నిజమైపోతుంది. మీ వారికి కూడా బెల్లు సంగతి చెప్పకండి. ఇప్పటికే చెప్పి ఉంటే, అది ఆయన దగ్గరే ఆగేలా మాట తీసుకోండి.

ఆవిడ తెల్లవారుజామున కాలువ రేవుకు ఒంటరిగా వెళ్తారని రాశారు. అక్కడ కలవండి. మాట చిన్నదిగా ఉండాలి: "వదినా, నువ్వు నాకు నమ్మి చెప్పిన మాటను కథలో పెట్టాను. తప్పు చేశాను. ఆ మాట నీదని ఎవరికీ తెలియదు, నా నోటి నుంచి తెలియదు." అంతవరకే. అది నువ్వు కాదని అనవద్దు, ఆవిడకు తెలుసు. కథను పదిమంది మెచ్చుకున్నారని అసలే అనవద్దు. ఆవిడ ఏడ్చినా, తిట్టినా, ఏమీ మాట్లాడకుండా బిందె ఎత్తుకుని వెళ్ళిపోయినా, వెనకాలే నడిచి సమాధానం రాబట్టుకోవాలని చూడకండి.

కొబ్బరికాయల విషయంలో నాకు ఇంకొక అనుమానం ఉంది, చెప్పకుండా ఉండలేను. వాళ్ళ చెట్టు మీ ఇంటివైపు వాలి ఉందనీ, ఒకసారి కాయ పడి మీ పెంకు పగిలిందనీ, కాయలు ఎవరివన్న దగ్గర "చిన్న మాట వచ్చింది" అనీ రాశారు. ఆ మాట వచ్చిన నాలుగు నెలలకు ఈ కథ రాశారు. డెల్టా ఊళ్ళలో కాలువగట్టు వెంట ఇంటిని ఆనుకుని ఇల్లు ఉంటుంది. పోట్లాడుకున్న మర్నాడు కూడా అదే రేవులో ఎదురుపడాలి. అందుకే మనం చాలా కోపాలను పైకి అనకుండా మింగేస్తాం. మీరు మింగిన కోపం కథలోకి వచ్చింది. కథలో ఆ ఇల్లాలికి ఆశ ఉంది, అనుమానం ఉంది, నోటిదురుసు ఉంది. కథ చెప్పే మనిషికి ఓర్పు తప్ప మరొకటి లేదు. తుపాను రాత్రి తలుపు తీసిన పక్కింటి ఆవిడ మీ కథలో ఎక్కడా లేరు. ఇది విమర్శకుడిగా చెప్పడం లేదు. ఆ రాత్రి మీకు గుర్తుండి కూడా కథలోకి రాలేదంటే, పెంకు గొడవ ఇంకా మీ మనసులో తీరలేదని నాకు అనిపిస్తోంది. వీలైతే ఆ గొడవను కూడా ఆవిడతోనే మాట్లాడి తేల్చుకోండి, కానీ బెల్లు సంగతి మాట్లాడిన రోజున మాత్రం కాదు.

కథను ఈ సంపుటి నుంచి తీసెయ్యండి. రేవు పేరు మార్చి, బెల్లు బదులు ఈల పెట్టి ఉంచవచ్చా అని అడిగారు. ఊరివాళ్ళకు అది చాలు, ఆవిడకు చాలదు. ఈల విన్నా ఆవిడకు బెల్లే వినిపిస్తుంది. అనుమతి అడుగుదామన్న ఆలోచన మంచిదే కాని ఇప్పుడు కాదు. ఇప్పుడు అడిగితే మీరు రేవుకు వెళ్ళింది కథ కోసమేనని ఆవిడ అనుకుంటారు. కథ రాసే హక్కు మీది, దాన్ని నేను కాదనను. సంపుటిలో పద్నాలుగు కథలున్నాయి, పదమూడు ఉంటే పుస్తకానికి లోటు రాదు.

వాళ్ళ స్టీలు గిన్నె మీ ఇంట్లోనే ఉండిపోయిందనీ, పనిమనిషి చేత పంపేయమంటారా అనీ అడిగారు. పంపకండి, ఖాళీ గిన్నె అసలు పంపకండి. రేవు దగ్గర మాట్లాడిన తర్వాత నాలుగు రోజులు ఆగి, పనసపొట్టు కూర చేసిన రోజున ఆవ పెట్టి, ఆ గిన్నెలో పోసి మీరే పట్టుకెళ్ళండి. దడి వైపు వద్దు, వీధి గుమ్మం నుంచే వెళ్ళండి. కోడలు తలుపు తీస్తే కోడలి చేతికే ఇచ్చి, "అత్తయ్యగారికి ఇష్టమని తెచ్చాను" అని చెప్పి వచ్చేయండి.