చిన్నప్పుడు రేబిస్ టీకా వేయించుకున్నాను కదా, ఇప్పుడు కుక్క రక్కితే మళ్లీ అవసరమా?

ప్రశ్న: నా వయసు 20 ఏళ్లు. మాది ఖమ్మం. వైద్య విద్య కోసం ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరానికి వచ్చి రెండో సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్ నుంచి కాలేజీకి వెళ్లే సందులో నాలుగైదు కుక్కలు తెల్లవారుజామున వెంటపడుతుంటాయి. ఆరు రోజుల క్రితం వాటికి భయపడి పరుగెత్తితే, ఒకటి ఎగబడి పిక్క మీద రక్కింది. ప్యాంటు చిరగలేదు, రక్తం రాలేదు, కానీ చర్మం మీద ఎర్రగా రెండు గీతలు పడ్డాయి. శానిటైజర్ రాస్తే చురుక్కుమంది. నీళ్లతో కడిగి వదిలేశాను. పదేళ్ల వయసులో ఖమ్మంలో కుక్క కరిచినప్పుడు భుజానికి ఐదు ఇంజక్షన్లు వేయించారు. అవి సరిపోతాయని ఒక స్నేహితుడు, కుక్కలు బాగానే తిరుగుతున్నాయి కాబట్టి భయం లేదని మరొకడు అంటున్నారు. డిసెంబరులో ఇంటికి వచ్చాక ఇక్కడే వేయించుకోమని అమ్మ చెబుతోంది. రోజూ ఆ దారినే వెళ్లాలి. ఏం చేయాలి?

సమాధానం: డిసెంబరు వరకు ఆగవద్దు. మీ ఉత్తరం మాకు అంది, ఈ జవాబు మీ కంటబడేసరికి మరికొన్ని రోజులు గడిచి ఉంటాయి. అయినా సరే, చదివిన రోజునే దగ్గరలోని కుక్కకాటు చికిత్స కేంద్రానికి వెళ్లి మొదటి ఇంజక్షన్ వేయించుకోండి. ఇరవై నాలుగు గంటలు దాటితే టీకా పనిచేయదన్న అభిప్రాయం మన దగ్గర చాలామందిలో ఉంది. ఆలస్యమైందన్న నిరాశతోనే కొందరు అసలు వెళ్లడం మానేస్తారు. ఎంత త్వరగా వేయించుకుంటే అంత మంచిదన్న మాట నిజమే కానీ, లక్షణాలు మొదలు కానంతవరకు ఆలస్యంగా మొదలుపెట్టిన టీకా కూడా వేయించుకోదగినదే.

ఇందుకు కారణం ఈ జబ్బు నడిచే తీరులోనే ఉంది. రేబిస్ వైరస్ గాయం దగ్గర నుంచి నరాల వెంట మెల్లగా ప్రయాణించి మెదడును చేరుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజులకే చేరవచ్చు, కొందరిలో ఏడాది కూడా పట్టవచ్చు. ఆ వ్యవధిలో శరీరం తగినన్ని ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారు చేసుకునేలా చూడడమే టీకా పని. లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఎవరినీ కాపాడలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు, మనుషులకు సోకిన కేసుల్లో 99 శాతం కుక్కల ద్వారా వచ్చినవే. మీరున్న ఫిలిప్పీన్స్‌లోనూ ఏటా వందల సంఖ్యలో మరణాలు నమోదవుతున్నాయి. అందువల్ల అక్కడి వీధి కుక్క రక్కడాన్ని ఖమ్మంలో కుక్క రక్కినంత తీవ్రంగానే తీసుకోవాలి.

ఇక మీ గాయం సంగతి. వైద్యులు ఇలాంటి గాయాలను మూడు తరగతులుగా చూస్తారు. కుక్కను తాకడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. దానికి కడుక్కోవడం తప్ప చికిత్స అవసరం లేదు. రక్తం రాకుండా చర్మం గీసుకుపోతే రెండో తరగతి. దానికి టీకా కావాలి. చర్మం చీల్చుకుని పన్ను లేదా గోరు దిగినా, రక్తం వచ్చినా, పాత పుండును గానీ కంటిని, నోటిని గానీ కుక్క నాకినా మూడో తరగతి. దానికి టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే ముందే సిద్ధం చేసిన ప్రతిరక్షకాల మందు కూడా ఇస్తారు. శానిటైజర్ చురుక్కుమన్నదంటే పైపొర చెదిరిందనే అనుకోవాలి. అందువల్ల మీది కనీసం రెండో తరగతి. ఆ గీతల వెంట ఆ రోజు సన్నని రక్తపు చుక్క కనిపించిందేమో, రాత్రి పడుకున్నాక దుప్పటికి మరక అంటిందేమో బాగా గుర్తు తెచ్చుకుని అక్కడి వైద్యునికి చెప్పండి. అటువంటిది ఉంటే తరగతి మారుతుంది. ప్యాంటు చిరగలేదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బట్ట మీది నుంచి పడిన గోరు లేదా పన్ను బట్టను చింపకుండానే లోపలి చర్మాన్ని చీల్చగలదు.

గాయాన్ని కడగడం గురించి ఒక మాట. ఉత్త నీళ్లతో కడిగి ఊరుకోవడం చాలదు. సబ్బు రాసి, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాల పాటు కడగాలి. చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. పంపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటే తప్ప పదిహేను నిమిషాలు ఎంతసేపో అర్థం కాదు. వైరస్ పైపొరను సబ్బు దెబ్బతీస్తుంది కాబట్టి, టీకా కంటే ముందు జరిగే అసలైన చికిత్స ఇదే. ఆ తరువాత పొవిడోన్ అయొడిన్ వంటి మందు రాయవచ్చు. ఆరు రోజుల కిందటి గీతలకు ఇప్పుడు ఇది పెద్దగా ఉపయోగపడదు కానీ, ఆ సందులో నడిచే మీ స్నేహితులందరికీ చెప్పి ఉంచండి. మన పల్లెల్లో కారం, సున్నం, పసుపు అద్దినట్లే అక్కడ వెల్లుల్లి రుద్దే అలవాటు ఉంది. కొమ్ము పెట్టి గాయాన్ని పీల్చే ‘తండోక్’ అనే నాటువైద్యం కూడా ఉంది. హాస్టల్ వంటావిడ ఎంత ప్రేమతో సలహా ఇచ్చినా వీటి జోలికి వెళ్లవద్దు.

చిన్నప్పటి ఐదు ఇంజక్షన్లు సరిపోతాయన్న మీ స్నేహితుని మాటలో సగం నిజం ఉంది. పూర్తి కోర్సు ఒకసారి వేయించుకున్నవారి శరీరంలో ఆ వైరస్ తాలూకు జ్ఞాపకం ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అయితే ఆ జ్ఞాపకం దానంతట అదే చాలినంత రక్షణ ఇవ్వదు, దాన్ని మేల్కొలపాలి. అందుకు రెండే డోసులు చాలు: వెళ్లిన రోజున ఒకటి, మూడో రోజున ఒకటి (వెళ్లిన రోజును సున్నాగా లెక్కించాలి, అంటే మూడు రోజుల తరువాత). గాయం మూడో తరగతికి చెందినదైనా ఇలాంటివారికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ అవసరం లేదు. భారతదేశంలో గొర్రె మెదడుతో తయారైన పాతకాలపు టీకాను 2004లోనే ఆపేశారు కాబట్టి, మీరు వేయించుకున్నది కణ వర్ధన (సెల్ కల్చర్) పద్ధతిలో తయారైన ఇప్పటి రకం టీకాయే. ఆ విషయంలో సందేహం లేదు.

చిక్కంతా చీటీతోనే. ఐదు డోసులూ పూర్తయినట్లు రాతపూర్వకమైన ఆధారం లేకపోతే, మిమ్మల్ని ఇంతకుముందు టీకా వేయించుకోని మనిషిగానే లెక్కించి పూర్తి కోర్సు ఇస్తారు, అది సబబు కూడా. ఐదు అని మీరు చెబుతున్నది పదేళ్ల పిల్లవాడి జ్ఞాపకం. నా అనుభవంలో ఇలా చెప్పినవారి చీటీలు తీసి చూస్తే, మూడో డోసు దగ్గరే ఆగిపోయినవి తరచుగా కనిపిస్తుంటాయి. పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని చివరి రెండింటికీ తీసుకెళ్లడం పెద్దలు మరచిపోతారు. అమ్మగారిని పాత ఫైళ్లలో వెతకమనండి, దొరికితే ఫొటో తీసి పంపమనండి. కానీ చీటీ కోసం మొదటి డోసును ఆపవద్దు. ఏ దారిలో వెళ్లినా మొదటి రోజు, మూడో రోజు వెళ్లక తప్పదు. చీటీ దొరికితే అక్కడితో ఆగుతారు. దొరకకపోతే ఏడో రోజున, వారు పాటించే పద్ధతిని బట్టి 28వ రోజున కూడా వెళతారు. గాయం మూడో తరగతిదని తేలి, చీటీ దొరకకపోతే మాత్రం ఇమ్యూనోగ్లోబ్యులిన్ తప్పనిసరి. దాన్ని మొదటి టీకా వేసిన నాటి నుంచి ఏడు రోజుల లోపు, వీలైనంత వరకు గాయం చుట్టూనే ఎక్కించాలి. ఈ ఏడు రోజులను కుక్క రక్కిన రోజు నుంచి కాక టీకా వేసిన రోజు నుంచి లెక్కించాలి. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు.

రెండో స్నేహితుడు చెప్పినది పది రోజుల పరిశీలన అనే నియమానికి పొట్టి రూపం. కుక్క లాలాజలంలో వైరస్ ఉందంటే ఆ కుక్క పది రోజుల లోపు జబ్బుపడటమో చనిపోవడమో జరుగుతుంది, అలా జరగకపోతే అది రక్కిన రోజున ప్రమాదం లేనట్లే. నియమం సరైనదే. అయితే రక్కిన కుక్క ఏదో కచ్చితంగా గుర్తుపట్టగలగాలి, పది రోజులూ అది ఎవరో ఒకరి కళ్లముందు ఉండాలి, ఈ లోగా టీకా మొదలై ఉండాలి. నాలుగైదు కుక్కలు ఒక్కసారి మీదికి వచ్చినప్పుడు, పరుగెత్తుతూ, వెనక నుంచి రక్కిన కుక్కను మీరు గుర్తుపట్టగలరని నేననుకోను. ఆ గుంపులో ఒకటి కొన్నాళ్లుగా కనిపించకపోయినా మీకు తెలిసే అవకాశం లేదు.

ఎక్కడికి వెళ్లాలన్న దానికి మీరు అదృష్టవంతులనే చెప్పాలి. కుక్కకాటు వైద్యానికే ప్రత్యేకించిన యానిమల్ బైట్ ట్రీట్‌మెంట్ సెంటర్లు ఫిలిప్పీన్స్ అంతటా ఉన్నాయి, వాటిలో ప్రభుత్వానివి చాలా ఉన్నాయి. మన వార్డు సచివాలయాన్ని తలపించే బరంగాయ్ కార్యాలయంలో అడిగితే దగ్గరలోని కేంద్రం ఎక్కడో చెబుతారు. ప్రభుత్వ కేంద్రంలో టీకా నిల్వ లేదంటే రేపు రమ్మన్నారని తిరిగి రావద్దు, ప్రైవేటు కేంద్రానికి వెళ్లండి. రసీదును ఇన్సూరెన్స్ కోసం దాచుకోండి. ఆ దేశంలో 2007 నాటి రేబిస్ నివారణ చట్టం ప్రకారం, కరిచిన కుక్కకు యజమాని ఉంటే అతడు 24 గంటల్లో అధికారులకు తెలపాలి, బాధితుని వైద్య ఖర్చులూ భరించాలి. అక్కడ వీధిలో తిరిగే కుక్కల్లో చాలావాటికి ఎవరో ఒకరు యజమాని ఉంటారు కాబట్టి, సందులోని కిరాణా కొట్టువారిని మర్యాదగా అడిగి చూడటంలో తప్పు లేదు.

ఇంజక్షన్లు భుజం కండలోకో, భుజం మీది చర్మంలోకో వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి. పథ్యం ఏమీ లేదు. వంకాయ, గుడ్డు, మాంసం మానవలసిన పని లేదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా అక్కడి వైద్యునికి చెప్పండి. ఏ కారణంతోనైనా స్టెరాయిడ్లు గానీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, అప్పుడు లెక్కలు మారతాయి. కోర్సు మధ్యలో ఇంటికి రావలసి వస్తే కార్డు వెంట తెచ్చుకోండి. మిగిలిన డోసులు ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు, టీకా కంపెనీ మారినా నష్టం లేదు.

రోజూ నడవవలసిన ఆ సందు విషయానికి వస్తాను, ఎందుకంటే టీకా వేయించుకున్నాక కూడా ఆ కుక్కలు అక్కడే ఉంటాయి. తెల్లవారుజామున వీధి నిర్మానుష్యంగా ఉంటుంది, అప్పుడు ఆ సందు తమదేనని కుక్కలు అనుకుంటాయి. పగలు పదిమంది నడిచే వేళలో అవే కుక్కలు తోకాడిస్తూ పడుకుని ఉండటం మీరు చూసే ఉంటారు. గుంపులో ఒకటి మొరిగితే మిగిలినవి దాన్ని అందుకుంటాయి. దగ్గరలో పిల్లల్ని పెట్టిన తల్లికుక్క ఉంటే ఇంకా రెచ్చిపోతాయి. పరుగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం. మీరు పరుగెత్తకుండా ఉంటే ఆ రోజు బహుశా రక్కేది కాదు. మొరుగుతూ దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, కళ్లలోకి సూటిగా చూడకుండా, కాస్త పక్కకు తిరిగి నిలబడి, వీపు చూపకుండా నెమ్మదిగా వెనక్కి జరగండి. సంచి గానీ గొడుగు గానీ మీకూ దానికీ మధ్య ఉంచండి. కరవబోతే ముందుగా దాని నోటికి అందేది అదే కావాలి. ఖర్మ కాలి కింద పడితే ముడుచుకుని, రెండు చేతులతో మెడను, చెవులను కప్పుకోండి. ముఖం, మెడ, చేతుల మీది కాట్లలో వైరస్ నరాలకు, మెదడుకు త్వరగా చేరే ప్రమాదం ఉంటుంది.

రాయి తీసుకుంటున్నట్లు వంగితే కుక్క పారిపోతుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఉపాయం. నేనూ మా ఊళ్లో అలాగే చేసేవాణ్ణి. ఒంటి కుక్క, అదీ దూరంగా ఉన్నప్పుడు ఫలించవచ్చు. గుంపు చుట్టుముట్టాక వంగితే ముఖాన్ని వాటి ఎత్తుకు దించినట్లవుతుంది. నిజంగా రాయి విసిరితే మరునాటి నుంచి ఆ సందులో మీ వాసన వాటికి శత్రువు వాసన. విషం పెట్టడం వంటి ఆలోచనలు హాస్టళ్లలో పుడుతుంటాయని విన్నాను. అక్కడ 1998 నుంచి జంతు సంక్షేమ చట్టం ఉంది, విద్యార్థి వీసా మీద ఉన్నవారు పోలీసు కేసు దాకా తెచ్చుకోకూడదు. రొట్టె ముక్కలు వేసి మచ్చిక చేసుకోవడం మేలనిపిస్తుంది కానీ, తిండి దగ్గర కొట్లాడుకునే కుక్కల మధ్య చేయి పెట్టి కరిపించుకున్నవారిని చాలామందిని చూశాను. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా నడవడం, వీలైతే ఆ కొంచెం దూరానికి జీప్నీ (అక్కడి షేర్ జీపు) ఎక్కడం మేలు. ఆ గుంపు గురించి విద్యార్థులందరూ కలిసి బరంగాయ్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఆ కుక్కలకు టీకాలు వేయించమని అడిగే హక్కు మీకు వస్తుంది.

ఫిలిప్పీన్స్‌కే కాదు, కిర్గిజ్‌స్థాన్‌కు, కజకిస్థాన్‌కు, జార్జియాకు పిల్లల్ని చదువుకు పంపుతున్న తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతున్నాను. ఆ దేశాలన్నింటిలో రేబిస్ ఉంది. బయలుదేరే ముందు వారం వ్యవధిలో రెండుసార్లు ముందస్తు టీకా వేయించి, ఆ కార్డును పాస్‌పోర్టుతో పాటు ఉంచండి. జార్జియాలో వీధి కుక్కల చెవికి పోగులాంటి ట్యాగు ఉంటుంది, దాన్ని చూసి పిల్లలు ధైర్యపడుతుంటారు. ఆ కుక్కకు ఒకప్పుడు సంతాన నిరోధక ఆపరేషన్ చేసి టీకా వేశారని మాత్రమే దాని అర్థం, ఈ ఏడాది టీకా పడిందని కాదు. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా వంటి చోట్ల కుక్కల నుంచి రేబిస్ వచ్చే భయం లేదు; అయినా కాటును వైద్యునికి చూపించాలి, చీము పట్టే గాయాలు ఎక్కడైనా ఒకటే.

అమ్మగారికి మీరే ఫోన్ చేసి, డిసెంబరు దాకా ఆగడం లేదని, మొదటి ఇంజక్షన్ ఏ తేదీన వేయించుకున్నారో చెప్పండి. ఆ తేదీ నుంచి మూడు నాలుగు రోజుల్లో పాత చీటీ దొరికితే మీకు మిగిలిన డోసులు తప్పుతాయి. దొరకకపోతే ఆమె ఇక వెతకనక్కరలేదు.