సంచులు కుట్టుకునే నేర్పు ఉన్నవారికి అప్పెందుకు?

ప్రశ్న: సార్, నాకు 29 ఏళ్ళు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 52,000 వస్తుంది. అమ్మానాన్న జనగామ దగ్గర ఊళ్ళో ఉంటారు, నా మీదే ఆధారం. ఇంటికి పంపేది, ఇక్కడి అద్దె, తిండి అన్నీ కలిపి నెలకు 36,000 ఖర్చు. సైకిల్‌కి సామాను కట్టుకుని రెండు మూడు రోజుల ట్రిప్పులు వెళ్ళే బైక్‌ప్యాకింగ్ అంటే పిచ్చి. దానికి వాడే బ్యాగుల సెట్టు 22,000 అంటే కొనలేక పాత ఫ్లెక్సీలు, టార్పాలిన్, నైలాన్ నవారుతో 1,150 రూపాయల్లో నేనే కుట్టుకున్నాను. ఇప్పుడు 11 మంది తమకూ కావాలని అడిగారు, ఇద్దరు అడ్వాన్స్ ఇచ్చారు. ఒక బ్యాగుకు ఐదు గంటలు పడుతుంది, 1,400కి అమ్మితే మెటీరియల్ పోను 750 మిగులుతుంది. ఇండస్ట్రియల్ కుట్టు మిషన్, మెటీరియల్, నాకొక మంచి సైకిల్ కలిపి 1,80,000 పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. 16 శాతానికి మూడేళ్ళకు ఇస్తామన్నారు. క్రెడిట్ కార్డు మీద 64,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను. బ్యాంకులో 31,000 ఉంది. లక్ష చీటీ, నెలకు 5,000, 20 నెలల్లో 7 అయ్యాయి. అవసరమైతే అది పాడుకుంటాను. ఆఫీసు ఇన్సూరెన్స్ 3 లక్షలు ఉంది. ఈ రేటుకు లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు.

16 శాతం కాదు, 10 శాతానికి ఇస్తామన్నా వద్దనే అంటాను. ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా రెండు లైన్లలో జవాబు రాసి వదిలేస్తాను. మీకు ఇంత రాయడానికి కారణం ఉంది. ఇరవై రెండు వేల వస్తువును వెయ్యి నూట యాభైలో తేల్చేసిన మనిషి అప్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క అడగడం మానేస్తాడు, ఇది నేను మళ్ళీ మళ్ళీ చూస్తున్న సంగతే. కేకులు బాగున్నాయని అపార్ట్‌మెంట్‌లో నలుగురు మెచ్చుకోగానే ఓవెన్‌కి లోన్ తీసుకున్నవాళ్ళు, పెళ్ళి ఫొటోలు బాగా తీశావన్నారని కెమెరా ఈఎంఐలో కొన్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే వరస: ముందు అప్పు, తర్వాత ఆర్డర్లు, ఆ తర్వాత నాకు ఫోను.

సంచుల గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అవి నాకు నిజంగా నచ్చాయి. మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిలే కాబట్టి బైక్‌ప్యాకింగ్ అనగానే జనం బుల్లెట్ వేసుకుని లడఖ్ వెళ్ళడం అనుకుంటారు, మీరు తొక్కేది సైకిల్ అని చెప్తే జాలిపడతారు. నేనూ ఆ జాలి తిన్నవాడినే. ఎన్నికలయ్యాక ఊరి నిండా మిగిలే ఫ్లెక్సీ కంటే చవకైన, నీళ్ళు దిగని గుడ్డ ఇంకోటి లేదు, నాయకుడి మొహం లోపలి వైపుకి వచ్చేలా కుట్టుకుంటే సరి. కాకపోతే ఫ్లెక్సీ మడత దగ్గర తొందరగా పగులుతుంది, సూది పడిన ప్రతి చిల్లులోంచీ నీళ్ళు దిగుతాయి, కాబట్టి బరువు పడే చోట్ల నవారు వేసి డబ్బా కుట్టు కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టాలి. బరువైనవన్నీ, అంటే నీళ్ళు, పనిముట్లు, వంట సామాను, ఫ్రేము మధ్యలో కిందికి ఉండాలి. సీటు వెనక సంచిలో బట్టలే పెట్టాలి, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు తోకలా ఊగుతుంది. ఫ్రేము సంచికి ముందు అట్టముక్కతో కొలత తీసి, సైకిల్‌కి కట్టి, మోకాళ్ళు రాసుకుంటున్నాయేమో తొక్కి చూసి, అప్పుడే గుడ్డ కత్తిరించాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి సీసా కట్టడానికి హోస్ క్లాంపులు, అంటే పైపులు బిగించే ఇనుప పట్టీలు, వాడితే కింద పాత ట్యూబు ముక్క వేయండి, పెయింట్ గీరుకోదు, క్లాంపు జారదు. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి.

తెలిసినా పట్టించుకోనిది ఒకటుంది, నేనూ పట్టించుకోలేదు. కొన్నేళ్ళ కిందట అనంతగిరి వైపు వెళ్తూ హ్యాండిల్ ముందు చాప చుట్టి కొక్కేలున్న రబ్బరు తాడుతో కట్టాను. దిగుడులో కొక్కెం ఊడి ముందు చక్రం పుల్లల్లో పడింది. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు ఎడమ చెయ్యి జోలెలోనే. ఆసుపత్రి బిల్లు ఇన్సూరెన్స్ కట్టింది, అందులో ఇబ్బంది లేదు. కానీ నాది సొంత పని, నెలన్నర ఒక్క రూపాయి రాలేదు, ఆఫీసు అద్దె మాత్రం ఆగలేదు, పిల్లల ఫీజు ఆగలేదు, వికారాబాద్ నుంచి కారులో తీసుకొచ్చినవాడు డబ్బులు తీసుకోకుండా ఊరుకోలేదు. ఆ నెలన్నర బతికింది పక్కన పెట్టుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద.

ఇప్పుడు మీ లెక్క. 52,000లో 36,000 ఖర్చు, 5,000 చీటీ, కార్డు మినిమమ్ 3,200 పోతే మిగిలేది 7,800. మీరడిగిన లోనుకు ఈఎంఐ 6,328. అంటే మూడేళ్ళపాటు నెలాఖరుకు మీ చేతిలో 1,472 రూపాయలు ఉంటాయి, అదీ ఏ నెలా ఏమీ జరగకపోతే. వడ్డీ మొత్తం 47,800 దాకా, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం వేసుకుంటే జీఎస్‌టీతో ఇంకో 4,248. ఈఎంఐ కట్టడానికే నెలకు తొమ్మిది సంచులు అమ్మాలి. తొమ్మిదింటికి ఐదేసి గంటల చొప్పున 45 గంటలు, ఉద్యోగం చేస్తూ, అంటే మీ ఆదివారాలన్నీ మిషన్ దగ్గరే, ఇక సైకిల్ తొక్కేదెప్పుడు? అడిగినవాళ్ళు పదకొండు మంది అన్నారు, డబ్బులిచ్చినవాళ్ళు ఇద్దరు. వ్యాపారంలో లెక్కకొచ్చేది ఆ ఇద్దరే. పైగా ఆ 1,80,000లో మీ సొంత సైకిల్ కూడా ఉంది, దాన్ని వ్యాపార ఖర్చులో కలిపి చెప్పడం మాత్రం బాగోలేదు, ఆ ముక్క మీరు నాకు కాదు, మీకు మీరే చెప్పుకుంటున్నారు.

కార్డు సంగతి ఇంకా ఘోరం. నెలకు 3.5 శాతం అనుకుంటే 64,000 మీద వడ్డీ 2,240, దాని మీద జీఎస్‌టీ 403. మీరు కడుతున్న 3,200లో అసలుకు పోయేది 557 రూపాయలు. నెలనెలా క్రమం తప్పకుండా కడుతున్నాను అని మీరు అనుకుంటున్నది ఇదే. ఇది ఉండగా కొత్త అప్పు గురించి ఆలోచించడం కూడా తప్పే. కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి మొత్తం బాకీని 12 నెలల ఈఎంఐలోకి మార్పించండి. 16 శాతానికి మార్చినా నెలకు 5,800 చిల్లర, జీఎస్‌టీ కాస్త అదనం, ఏడాదిలో తీరిపోతుంది. ఆ తర్వాత కార్డు బీరువాలో.

ఇక చీటీ. అవసరమైతే పాడుకుంటాను అని మీలాగే చాలామంది రాస్తారు. అవసరం ఆదివారం రాత్రి వస్తుంది, పాట నెలకొకసారి ఉంటుంది. పాటలో మీకంటే ఎక్కువ తగ్గింపుకు ఇంకొకరు పాడితే ఆ నెల మీది కాదు. మీరే దక్కించుకున్నా తొందరలో ఉన్నవాడు ఎంత వదులుకుంటాడో పక్కవాళ్ళకు తెలుసు. రిజిస్టర్డ్ కంపెనీలో అయితే జామీను సంతకాలు, జీతం కాగితాలు ఇచ్చి అవి ఒప్పుకునేదాకా డబ్బు చేతికి రాదు. చీటీ పొదుపు కావచ్చు, అత్యవసర నిధి మాత్రం కాదు. చివరిదాకా ఉంచండి, 5 నుంచి 7 శాతం కమిషన్ పోను 93,000 పైన వస్తుంది. నెల మధ్యలో కష్టం వస్తే దాని వైపు చూడకండి.

అత్యవసర నిధి అంటే రేపు పొద్దున్న ఏటీఎంలో తీయగలిగిన డబ్బు. మీకు ఇప్పుడున్నది 31,000, అంటే ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. అమ్మానాన్న మీ మీదే ఉన్నారు, కాబట్టి మూడు నెలలు కాదు, ఆరు నెలలది కావాలి, 2,16,000. బెదిరిపోకండి. కార్డును ఈఎంఐ చేశాక కూడా మీకు నెలకు 5,000 మిగులుతుంది. జీతం పడిన మర్నాడే అది వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్ళిపోవాలి, యాప్‌లో కనిపించే ఖాతాలో ఉంటే సైకిల్‌కి కొత్త గేర్లు వస్తాయి, నాకు తెలుసు. కింద చెప్పే ప్రీమియాలకు కొంత పోయినా ఏడాది తిరిగేసరికి 75,000 దాటుతుంది. ఆపైన చీటీ డబ్బు వస్తే 1,70,000 దగ్గరికి చేరతారు. అంటే నాలుగున్నర నెలల ఖర్చుకు సరిపడా డబ్బు, ఏ బ్యాంకు మేనేజర్నీ అడగకుండా.

రోడ్డు మీద సైకిల్ తొక్కేవాళ్ళు ఇన్సూరెన్స్ విషయంలో ఒకటి అర్థం చేసుకోరు. మిమ్మల్ని కారు గుద్దితే కారు ఇన్సూరెన్స్ ఉంటుంది, పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఉంటుంది. గుద్ది పారిపోతే 2022 ఏప్రిల్ నుంచి తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షలు ప్రభుత్వ పథకం కింద ఇస్తారు. మోటారు వాహనం వల్ల ప్రమాదం జరిగితే లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స పథకం 2025 మేలో వచ్చింది. కానీ మీరు కుట్టిన పట్టీ ఊడి మీ చక్రంలోనే పడితే ఇవేవీ రావు. అక్కడ మీకు మీరే దిక్కు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, అంటే బ్యాంకు ఖాతా ద్వారా వచ్చే ప్రమాద బీమా, మీ ఖాతాలో ఇప్పటికే లేకపోతే ఈరోజే పెట్టుకోండి, కానీ అది ప్రాణం పోతేనో, కన్నో చెయ్యో కాలో శాశ్వతంగా పోతేనో ఇచ్చేది. విరిగి అతుక్కునే ఎముకకు దాంట్లో పైసా లేదు. అందుకే విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కావాలి, పనికి వెళ్ళలేని రోజులకు వారం వారం డబ్బిచ్చే తాత్కాలిక వైకల్యం కవరు కలిపి మరీ. అది లేకుండా తీసుకుంటే సగం తీసుకున్నట్టే. మీరు వద్దనుకున్న బ్యాగుల సెట్టు ధరలో చిన్న ముక్క దాని ప్రీమియం.

సాహస క్రీడలకు ఇన్సూరెన్స్ రాదట కదా అని సైకిల్ మిత్రులు భయపెడుతుంటారు. హెల్త్ పాలసీల్లో ఆ మినహాయింపు వృత్తిగా ఆడేవాళ్ళకు, పర్వతారోహణ, రాఫ్టింగ్, స్కూబా లాంటివాటికి. సెలవుల్లో సైకిల్ తొక్కడం ఆ జాబితాలో లేదు. యాక్సిడెంట్ పాలసీలో మాత్రం మాటలు వేరుగా ఉంటాయి, రేసుల్లో దెబ్బ తగిలితే ఇవ్వమనే ముక్క ఉంటుంది, సంతకానికి ముందు చదవండి, ఏజెంటు చెప్పింది వినడం కాదు.

ఆఫీసు 3 లక్షలు ఉద్యోగం ఉన్నంతవరకే. ఈ సంచుల పని పెరిగి ఎప్పుడో ఉద్యోగం మానేస్తే ఆ రోజుతో అదీ పోతుంది, అప్పుడు కొత్తది తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే సొంతంగా 5 లక్షలది తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ కూడా లేదు. అమ్మానాన్న ఆఫీసు పాలసీలో ఉన్నారో లేదో మీరు రాయలేదు. తెల్ల రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా ఉంది, కార్డులో ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో ఈసారి ఊరెళ్ళినప్పుడు చూడండి. టర్మ్ పాలసీ, అంటే మీ ప్రాణం పోతే ఇంట్లోవాళ్ళకు డబ్బిచ్చేది, కోటి రూపాయలకు, అంతే, దాని గురించి ఇంకేం చెప్పను. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్ గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను, నిధి నిండాక రాయండి.

మరి ఆ ఆర్డర్లు? మిషన్ కొనకండి. మీ పేటలో స్కూలు బ్యాగులు కుట్టి రిపేరు చేసే దుకాణం ఉండే ఉంటుంది, అతని దగ్గర మందం గుడ్డ మీద నడిచే మిషన్ ఉంటుంది, మీరు కత్తిరించి ఇస్తే కూలీకి కుడతాడు. మీకు 750 బదులు ఏ 400లో మిగులుతాయి, ఐదు గంటలు గంటన్నర అవుతుంది, ఈఎంఐ సున్నా. మెటీరియల్ ఖర్చంతా అడ్వాన్స్‌గా ఇచ్చినవాళ్ళకే కుట్టండి. ఇవ్వనివాళ్ళు కొనేవాళ్ళు కాదు, మీ సంచి బాగుందని చెప్పినవాళ్ళు. ఆరు నెలలు ఇలా నడిచి చేతిలో డబ్బు నిలిస్తే ఆ డబ్బుతోనే పాత మిషన్ చూసుకోండి. సైకిల్ మాత్రం ఉన్నదే తొక్కండి, బైక్‌ప్యాకింగ్‌కి కావాల్సింది ఖరీదైన ఫ్రేము కాదని ఫ్లెక్సీ సంచులు కుట్టిన మీకు నేను చెప్పాలా?

ఫోన్‌లో లోన్ ఇస్తామన్నవాళ్ళు ఈ వారం మళ్ళీ చేస్తారు, మీ పాన్ నంబరు అడుగుతారు, ఇవ్వకండి. అడ్వాన్స్ ఇచ్చిన ఆ ఇద్దరి సంచులు ముందు పూర్తి చేయండి. నవారు చివర్లు లైటరుతో కాల్చి, వేలాడే తోకలన్నీ లోపలికి దోపడానికి ఒక చిన్న పట్టీ కూడా కుట్టండి. పూర్తి బరువు పెట్టి మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద ఇరవై కిలోమీటర్లు తొక్కాకే అప్పజెప్పండి.